సూదితో స్వేచ్ఛ సంపాదించిన ఎలిజబెత్ కెక్లీ



మన ఇళ్లలో పాత చీర చిరిగిపోతే దానిని వెంటనే పారవేయరు. మెత్తబడిన చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, అంచులు మడిచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి అమ్మమ్మలు, నాయనమ్మలు బొంత కుడతారు. ఏ ముక్క ఎవరి చీరలోనిదో కూడా వారికి గుర్తుంటుంది. అమెరికా దేశంలోనూ ఇట్టి అలవాటు ఉన్నది. అక్కడి బొంతను ‘క్విల్ట్’ అంటారు. పైన రంగురంగుల ముక్కలు అతికి కుట్టిన గుడ్డ, అడుగున మరొక గుడ్డ, నడుమ దూది. ఈ మూడింటిని కలిపి కుట్టినదే క్విల్ట్.

అట్టి క్విల్ట్ ఒకటి ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో భద్రంగా ఉన్నది. అది పట్టు ముక్కలతో కుట్టినది. నడుమ గరుడపక్షి బొమ్మ, దానితో పాటు ‘లిబర్టీ’ అనే మాట దారంతో అల్లబడి ఉన్నాయి. లిబర్టీ అనగా స్వేచ్ఛ. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ భార్య మేరీ టాడ్ లింకన్ దుస్తులు కుట్టగా మిగిలిన ముక్కలతో దానిని చేశారని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. దానిని కుట్టినది ఎలిజబెత్ కెక్లీ అనే నల్లజాతి స్త్రీ. స్వేచ్ఛ అనే మాటను పట్టుగుడ్డపై అల్లిన ఈమె తన జీవితంలో మొదటి 37 సంవత్సరాలు స్వేచ్ఛ లేని బానిస.

ఈమె కుట్టుపనితో పెద్ద వ్యాపారం నడిపింది, సాహసంతో ఊళ్లు మారింది, వృద్ధాప్యంలో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. ఈ వారం ఆమె జీవితాన్ని స్మరించుకుంటూ ఒక ప్రశ్నను ఆలోచిద్దాం. మనిషికి వెల కట్టవచ్చునా? కట్టిన వెలకు, ఆ మనిషి విలువకు సంబంధం ఏమిటి?

బానిసగా బాల్యం

ఎలిజబెత్ 1818 ఫిబ్రవరిలో వర్జీనియా రాష్ట్రంలోని డిన్‌విడ్డీ ప్రాంతంలో జన్మించింది. తల్లి పేరు ఆగ్నెస్. ఆమె బర్వెల్ అనే తెల్లజాతి కుటుంబంలో ఇంటి బానిస. బానిసలకు చదువు కూడదని కట్టుదిట్టం చేసిన ఆ రోజులలో కూడా ఆగ్నెస్‌కు చదవడం, వ్రాయడం వచ్చును. కుట్టుపని బాగా వచ్చును. ఆ రెండు విద్యలూ కూతురికి అబ్బాయి. ఎలిజబెత్‌ను కన్న తండ్రి ఆ ఇంటి యజమానియే. అయినా చట్టం ప్రకారం తల్లి బానిస గనుక బిడ్డ కూడా బానిసే. కన్నతండ్రికి ఆమె కూతురు కాదు, ఆస్తి.

ఆమె నాన్నా అని పిలిచినది ఆగ్నెస్ భర్త జార్జి హాబ్స్‌ను. అతడు వేరొక యజమానికి బానిస. పాస్కా పండుగకు, క్రిస్మస్‌కు మాత్రమే భార్యాబిడ్డలను చూడడానికి వచ్చేవాడు. ఒకనాడు అతని యజమాని పడమటి రాష్ట్రాలకు తరలిపోతూ అతనిని కూడా తీసుకొని పోయాడు. ఆ కుటుంబం తిరిగి ఎన్నడూ కలుసుకోలేదు. ఉత్తరాలు మాత్రం నడిచాయి. భార్యాభర్తలను కలిపి ఉంచే హక్కు పెండ్లికి లేదు. విడదీసే హక్కు ఆస్తిపత్రానికి ఉన్నది. బానిసత్వం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలును.

నాలుగేళ్ల ప్రాయంలో ఎలిజబెత్‌కు పసిబిడ్డను చూసుకొనే పని అప్పగించారు. ఉత్సాహంతో ఊయలను గట్టిగా ఊపింది. బిడ్డ నేలపై పడింది. ఏమి చేయాలో తోచక ఆ చిన్నపిల్ల నిప్పులు తీసే పారతో బిడ్డను ఎత్తబోయింది. అందుకు ఆమెకు మొదటిసారి కొరడా దెబ్బలు పడ్డాయి. ఆ వయస్సు బిడ్డను మనం ఇంకా ఒడిలోనే కూర్చోబెట్టుకుంటాం కదా!

యువతిగా ఉన్నప్పుడు ఆమెను యజమాని కుమారుని ఇంటికి పంపారు. అతడు ప్రెస్బిటేరియన్ సంఘంలో పాదిరి. వారు నార్త్ కరోలినాలోని హిల్స్‌బరోలో ఉండేవారు. ఆమె తల ఎత్తి నడవడం ఆ ఇంటి ఇల్లాలికి నచ్చలేదు. ఆ పొగరు అణచుమని ఒక బడిపంతులుకు అప్పగించింది. ఏ తప్పు లేకుండా తనను కొట్టే హక్కు ఎవరికీ లేదని ఎలిజబెత్ ఎదురు నిలిచింది. అతడు కొద్ది వారాలలో పలుమార్లు కొట్టి, చివరకు తానే కన్నీరు పెట్టుకొని, ఇక మీదట కొట్టడం పాపమని చెప్పి మానుకున్నాడు. ఆ తరువాత వేరొక తెల్లజాతి పురుషుని బలాత్కారానికి ఆమె నాలుగేళ్లపాటు గురైనది. అలా పుట్టిన ఒకే కుమారునికి తనను పెంచిన తండ్రి పేరే పెట్టింది. ఆ దుఃఖాన్ని గూర్చి ఆమె తరువాత వ్రాసిన మాటలు చాలా కొద్ది.

వాక్యం బోధించే వాని ఇంటిలోనే ఇది ఎలా జరిగింది అని మనం అడుగుతాం. అడగవలసినదే. కాని వేరొక సంఘం వారిని వేలెత్తి చూపి ఊరకుండరాదు. 1838లో మేరీలాండ్‌లోని జెస్విట్ గురువులు 272 మంది బానిసలను అమ్మివేశారు. ఆ సొమ్ములో కొంత జార్జ్‌టౌన్ కళాశాల అప్పులు తీర్చడానికి వెళ్లింది. ఆ మరుసటి సంవత్సరమే 16వ గ్రెగరీ పాపుగారు బానిసల వర్తకాన్ని ఖండిస్తూ లేఖ వెలువరించారు. 2017లో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం, జెస్విట్ సభ వారు ఆ బానిసల సంతతివారి ఎదుట బహిరంగంగా క్షమాపణ కోరారు. ప్రార్థన చేసే నోటితోనే మనిషికి బేరం ఆడగలిగారు. ఈ సత్యాన్ని దాచితే ఈ పాఠం మనకు ఉపయోగపడదు.

పదిహేడు మందిని పోషించిన సూది

1847లో ఎలిజబెత్ సెయింట్ లూయిస్ నగరానికి చేరింది. అప్పటికి ఆమె యజమానులు గార్లండ్ దంపతులు. ఆ ఇల్లాలు బర్వెల్ ఇంటి ఆడపడుచు, అంటే రక్తసంబంధంలో ఎలిజబెత్‌కు అక్కచెల్లెళ్ల వరుస. గార్లండ్ న్యాయవాదియే గాని చేతిలో డబ్బు లేదు. వృద్ధురాలైన ఆగ్నెస్‌ను బయటి ఇళ్లలో పనికి పంపి ఆ జీతంతో ఇల్లు గడుపుకోవాలని అనుకున్నాడు.

తల్లి ఆ వయస్సులో పరాయి ఇంట ఊడిగం చేయడం ఎలిజబెత్ సహించలేకపోయింది. తల్లికి బదులు తాను కుట్టుపని చేసి సంపాదిస్తానని ముందుకు వచ్చింది. కొద్ది కాలంలోనే నగరంలోని సంపన్న స్త్రీలు ఆమె చేతి పనిని వెదకుకుంటూ వచ్చారు. రెండు సంవత్సరాల ఐదు నెలలపాటు ఆమె సూది 17 మందికి తిండి పెట్టింది. వారిలో యజమానులు, వారి బిడ్డలు కూడా ఉన్నారు. ఎవరు ఎవరికి సొత్తు? ఎవరు ఎవరిని పోషించారు? రాత్రింబవళ్లు పనిచేసి ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నది. చివరకు తన విలువ ఎంత అని తనను తానే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టింది.

పావు డాలరు, పన్నెండు వందల డాలర్లు

తనను, తన కుమారుణ్ణి కొనుక్కొని విడుదల పొందడానికి అనుమతి ఇమ్మని ఆమె గార్లండ్‌ను అడిగింది. అతడు ఒప్పుకోలేదు. ఆమె వదలలేదు, మళ్లీ అడిగింది. ఒకనాడు అతడు జేబులోనుండి ఒక వెండి పావు డాలరు తీసి ఆమె చేతికి ఇచ్చాడు. అంతగా వెళ్లిపోవాలనుకుంటే ఈ డబ్బుతో పడవ ఎక్కి మిస్సిసిపీ నది దాటిపొమ్మన్నాడు. నది అవతలి ఒడ్డు ఇల్లినాయి రాష్ట్రం, అక్కడ బానిసత్వం లేదు. ఆమె ఆ పావు డాలరు పుచ్చుకోలేదు. దొంగచాటుగా పోవడం తనకు ఇష్టం లేదనీ, చట్టం ఒప్పుకొనే రీతిలోనే స్వేచ్ఛ కావాలనీ చెప్పింది. చివరకు అతడు తల్లీకొడుకులకు కలిపి 1,200 డాలర్లు వెల నిర్ణయించాడు.

ఆ మొత్తం ఎంతో ఒక లెక్క చూద్దాం. తరువాతి కాలంలో స్వేచ్ఛ పొంది వాషింగ్టన్ చేరినప్పుడు ఎలిజబెత్ మొదట రోజుకు రెండున్నర డాలర్ల కూలికి కుట్టుపని చేసింది. ఆ లెక్కన 1,200 డాలర్లంటే 480 రోజుల కూలి. అందులోనుండి ఒక్క పైసా తిండికి, బట్టకు తీయకూడదు. పైగా సెయింట్ లూయిస్‌లో ఆమె సంపాదన అంతా యజమాని ఇంటికే పోయేది.

1854లో గార్లండ్ మరణించాడు. డ్రెడ్ స్కాట్ అనే బానిస స్వేచ్ఛ కోసం వేసిన ప్రసిద్ధమైన దావాలో యజమానుల పక్షాన వాదించినవారిలో ఈ గార్లండ్ ఒకడు. 1857లో ఆ దావాపై అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ నల్లజాతివారు ఆ దేశ పౌరులు కాలేరని ప్రకటించింది. ఎలిజబెత్ అడిగిన న్యాయం ఎంత ఎదురుగాలిలో అడిగినదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

న్యూయార్క్ వెళ్లి చందాలు పోగుచేసి వెల చెల్లించాలని ఆమె అనుకున్నది. తిరిగి రాకపోతే డబ్బు మేము కడతామని ఆరుగురు పెద్దమనుషులు సంతకం చేయాలన్నారు. ఐదుగురు చేశారు. ఆరవ పెద్దమనిషి సంతకానికి సిద్ధమే గాని, అక్కడివారి మాటలు విని ఆమె తిరిగి రాదని తన నమ్మకం అన్నాడు. తన మాట నమ్మని వాని సంతకం తనకు అక్కరలేదని ఆమె వచ్చేసింది. ప్రయాణం ఆగిపోయింది. ఇంటికి వచ్చి ఏడ్చింది.

అప్పుడు ఆమె చేత దుస్తులు కుట్టించుకొనే ఒక ఇల్లాలు ఆ సంగతి విని, నీవు ఉత్తరాదికి పోయి బిచ్చమెత్తడం మాకు సిగ్గు అని చెప్పి, తోటి స్త్రీల వద్ద ఆ సొమ్ము సమకూర్చింది. దానం అని ఇచ్చినా పుచ్చుకొనేది కాదు. అప్పుగా తీసుకున్నది. 1855 నవంబరులో తల్లీకొడుకుల విడుదల పత్రం వ్రాయబడింది. ఆ తరువాత సెయింట్ లూయిస్‌లోనే ఉండి పనిచేసి, అప్పు అంతా తీర్చింది. 1860 వసంతంలో ఆ ఊరు విడిచింది. ఆమెకు అంతకు ముందే జేమ్స్ కెక్లీతో వివాహమైనది. తాను స్వతంత్రుడనని అతడు చెప్పినది అబద్ధమైంది. తాగుడుకు కూడా అలవాటు పడ్డాడు. అతనికి దూరమై, అతని పేరు మాత్రం తనతో ఉంచుకొని ఆమె బయలుదేరింది.

వాషింగ్టన్‌లో వ్యాపారం

ఆమె మొదట ఆగినది బాల్టిమోర్ నగరంలో. అక్కడి నల్లజాతి యువతులకు కొలతలు తీయడం, కత్తిరించడం, ఒంటికి అతికినట్లు కుట్టడం ఒక క్రమపద్ధతిలో నేర్పాలని సంకల్పించింది. ఆరు వారాలు ప్రయత్నించింది. పాఠశాల నిలబడలేదు. వాషింగ్టన్ చేరడానికి బండి ఖర్చులు మాత్రం మిగిలాయి. ఈ మొదటి ఓటమిని గుర్తు పెట్టుకోండి. 32 సంవత్సరాల తరువాత దానికి జవాబు వస్తుంది.

వాషింగ్టన్‌లో స్వతంత్రురాలైన నల్లజాతి స్త్రీ ఉండాలంటే లైసెన్సు కావాలి, ఆమె స్వతంత్రురాలేనని సాక్ష్యం చెప్పేవారు కావాలి. వాటిని సంపాదించుకొని కూలికి కుట్టడం మొదలుపెట్టింది. ఒకరు ఇంకొకరికి చెప్పగా పని పెరిగింది. సెనేటర్ జెఫర్సన్ డేవిస్ భార్య ఆమె చేత దుస్తులు కుట్టించుకొనేది. 1861 ఆరంభంలో దక్షిణ రాష్ట్రాలు విడిపోతుండగా, తమతో కూడా దక్షిణానికి రమ్మని ఆ ఇల్లాలు పిలిచింది. ఎలిజబెత్ ఆలోచించి, ఉత్తరాది పక్షమే గెలుస్తుందని తలచి ఆగిపోయింది. కొద్ది వారాలకే డేవిస్ దక్షిణ రాష్ట్రాల కూటమికి అధ్యక్షుడయ్యాడు.

1861 మార్చి 4న లింకన్ ప్రమాణ స్వీకారం చేశాడు. ఆ మరునాడే ఎలిజబెత్ శ్వేతసౌధానికి వెళ్లి శ్రీమతి లింకన్‌ను కలుసుకున్నది. ఆమె మొట్టమొదట వెల సంగతే ఎత్తింది. తాము పడమటి నుండి వచ్చినవారమనీ, ఎక్కువ ఇచ్చుకోలేమనీ చెప్పింది. ఎలిజబెత్ న్యాయమైన ధర చెప్పి పని తీసుకున్నది. గులాబీ రంగు పట్టు గౌను విందు జరిగే రాత్రికి సిద్ధం కావాలి. ఆలస్యమైనది. శ్రీమతి లింకన్ కోపించి, ఇక కట్టుకొనే సమయం లేదు, కిందికి దిగను అన్నది. ఎలిజబెత్ తడబడక, నేను క్షణంలో తొడుగుతాను, కూర్చోండి అని చెప్పి, తల దువ్వి, గౌను తొడిగి పంపించింది. గౌను అతికినట్లు సరిపోయింది. ఆ వసంతంలోనే 15, 16 గౌనులు కుట్టింది. వ్యాపారం బాగా సాగిన కాలంలో ఆమె క్రింద 20 మంది వరకు కుట్టుపని వారు ఉండేవారు. వెల చెప్పడంలో న్యాయం, గడువు తప్పినప్పుడు ధైర్యం, చేతిలో నైపుణ్యం. ఈ మూడూ ఆమె పెట్టుబడి.

ఇద్దరు తల్లులు

ఆమె కుమారుడు జార్జి ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. అంతర్యుద్ధం మొదలైన రోజులలో నల్లజాతివారిని సైన్యంలో చేర్చుకొనేవారు కాదు. జార్జి ఒంటి రంగు తెలుపు గనుక తెల్లజాతివాడుగా చేరాడు. 1861 ఆగస్టు 10న మిస్సోరీలోని విల్సన్స్ క్రీక్ యుద్ధంలో చనిపోయాడు. ఏ బిడ్డ కోసం 1,200 డాలర్ల అప్పు మోసిందో ఆ ఒక్క బిడ్డ కన్నుమూశాడు.

ఏడు నెలలు గడవకముందే, 1862 ఫిబ్రవరి 20న లింకన్ దంపతుల కుమారుడు విల్లీ జ్వరంతో మరణించాడు. అతనికి 11 ఏళ్లు. ఆ బిడ్డ దేహాన్ని కడిగి బట్టలు తొడిగిన చేతులలో ఎలిజబెత్ చేతులు ఉన్నాయి. అధ్యక్షుడు వచ్చి బిడ్డ ముఖం చూసి విలపించడం ఆమె కళ్లారా చూసింది. తన కడుపుకోత ఆరకముందే మరొక తల్లి కడుపుకోతకు తోడుగా నిలబడింది. 1865 ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగినప్పుడు కూడా భార్య కబురు పంపినది ఎలిజబెత్ కోసమే.

తనవారి కోసం

యుద్ధకాలంలో దక్షిణాది నుండి పారిపోయి వచ్చిన బానిసలు వేలాదిగా వాషింగ్టన్ చేరారు. తిండి లేదు, నీడ లేదు, చలికి కప్పుకొనే బొంత లేదు. ఒక సాయంత్రం తెల్లజాతివారు గాయపడిన సైనికుల సహాయార్థం ఉత్సవం జరపడం చూసి, మనవారి కోసం మనమే ఎందుకు ఒక సంఘం పెట్టుకోకూడదు అని ఆమెకు తోచింది. ఆదివారం తన గుడిలో ఆ మాట ప్రతిపాదించింది. రెండు వారాలలో 40 మంది పనిచేసే సభ్యులతో సంఘం ఏర్పడింది. అది 1862 ఆగస్టు. శ్రీమతి లింకన్ 200 డాలర్లు ఇచ్చింది. ఫ్రెడరిక్ డగ్లస్ వంటి నల్లజాతి నాయకులు చేయూతనిచ్చారు. డబ్బుతో పాటు దుప్పట్లు, బట్టలు సేకరించి పంచారు. తాను గట్టెక్కితే చాలునని ఆమె అనుకోలేదు.

పుస్తకం తెచ్చిన కష్టం

భర్త పోయిన తరువాత శ్రీమతి లింకన్ అప్పులలో కూరుకుపోయింది. 1867లో తన పాత దుస్తులు అమ్ముకోవడానికి న్యూయార్క్ వెళ్లింది. ఎలిజబెత్ తన వ్యాపారం మానుకొని తోడు వెళ్లింది. దుస్తులు అమ్ముడుపోలేదు, పత్రికలలో పరిహాసం మాత్రం మిగిలింది. 1868లో ఎలిజబెత్ తన జీవితకథను పుస్తకంగా వెలువరించింది. తన బానిసత్వం గురించి, శ్వేతసౌధంలోని నాలుగేళ్ల గురించి వ్రాసింది. స్నేహితురాలి పక్షాన నిజం చెప్పాలని ఆమె తలంపు. కాని పుస్తకంలో శ్రీమతి లింకన్ ఉత్తరాలు కూడా అచ్చయ్యాయి. స్నేహం తెగిపోయింది. పెద్దింటి గుట్టు ఒక నల్లజాతి దర్జీ బయటపెట్టడమా అని తెల్లజాతి పత్రికలు మండిపడ్డాయి. ఎగతాళి చేస్తూ వేరొక పుస్తకమే అచ్చు వేశారు. పని ఇచ్చే ఇళ్లు తగ్గిపోయాయి. స్నేహితురాలి ఉత్తరాలు అచ్చు కావడం సరి కాదని మనం అనవచ్చు. అయినా ఆ శిక్ష తప్పుకు మించినది. ఆమెను ఎత్తిన సమాజమే ఆమె నోరు తెరవగానే కింద పడవేసింది.

గురువుగా మలిసంధ్య

1892లో, 74 ఏళ్ల వయస్సులో, ఆమెకు విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయం నుండి పిలుపు వచ్చింది. నల్లజాతివారి చదువు కోసం 1856లో స్థాపించిన ఆ విద్యాలయం ఆమె కుమారుడు చదివినదే. 1865లో అక్కడి ముఖ్య భవనం కాలిపోయినప్పుడు తన వద్ద ఉన్న లింకన్ గుర్తులను ఇచ్చి సహాయపడినది కూడా ఆమెయే. అక్కడ కుట్టుపని, గృహకళల శాఖకు ఆమె అధిపతి అయినది. బాల్టిమోర్‌లో ఆరు వారాలకే మూతపడిన బడి ఇక్కడ తెరుచుకున్నది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో కుట్టుపని ప్రదర్శన కూడా ఏర్పాటు చేసింది.

ఆరోగ్యం క్షీణించి వాషింగ్టన్ తిరిగి వచ్చింది. దిక్కులేని నల్లజాతి స్త్రీలు, పిల్లల ఆశ్రమంలో 1907 మే 26న కన్నుమూసింది. ఆ ఆశ్రమం ఏర్పడడానికి ఆమె స్థాపించిన సంఘం కూడా తోడ్పడిందని చెబుతారు. 1960లో ఆ శ్మశానాన్ని తరలించినప్పుడు ఆమె సమాధికి గుర్తు కూడా లేకుండా పోయింది. 2010లో మాత్రమే ఆమె పేరుతో ఒక ఫలకం నిలిపారు.

వెల వేరు, విలువ వేరు

జర్మను తత్త్వవేత్త ఇమ్మానుయేల్ కాంట్ 1785లో ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక భేదం చూపాడు. దేనికి వెల ఉన్నదో దాని స్థానంలో అంతే వెలగల మరొక వస్తువును పెట్టవచ్చు. కుండ పగిలితే మరొక కుండ కొనుక్కుంటాం. దేనికి బదులు దొరకదో దానికి ఉన్నది వెల కాదు, గౌరవం. మనిషి ఈ రెండవ కోవకు చెందినవాడు.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. అలాగైతే ఎలిజబెత్ 1,200 డాలర్లు ఎందుకు చెల్లించింది? చెల్లించడం వలన తనకు వెల ఉన్నదని తానే ఒప్పుకున్నట్లు కాదా? 1846లో ఇంగ్లండు మిత్రులు డబ్బు చెల్లించి ఫ్రెడరిక్ డగ్లస్‌ను విడిపించినప్పుడు బానిసత్వ వ్యతిరేకులలోనే కొందరు ఇదే ఆక్షేపణ చెప్పారు.

జాగ్రత్తగా ఆలోచించండి. బిడ్డను ఎత్తుకుపోయిన దొంగకు తల్లి డబ్బు ఇచ్చి బిడ్డను విడిపించుకుంటుంది. దాని వలన ఆ బిడ్డ దొంగ సొత్తు అని తల్లి ఒప్పుకున్నట్లా? కాదు. ఎలిజబెత్ కొన్నది తనను కాదు. తనను ఇక ఎవరూ పట్టుకోకుండా కాపాడే కాగితాన్ని కొన్నది. తన విలువ ఆమెకు ముందే తెలుసు. తెలుసు గనుకనే పావు డాలరు పారిపోవుటను, నమ్మకం లేని సంతకాన్ని కూడా వద్దన్నది. మాట తప్పని మనిషిగా గుర్తింపు పొందాలని ఆమె కోరిక. మనిషికి మాట ఉంటుంది, వస్తువుకు ఉండదు. వస్తువుగా లెక్కించబడిన ఆమె మాట నిలబెట్టుకున్నది. మనుషులమని చెప్పుకున్నవారు ఆమెను వేలం సరుకుగా చూశారు. అవమానం ఎవరిదో మీరే చెప్పండి.

అమెరికాలో 1865 డిసెంబరులో రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయినది. కాని మనిషికి వెల కట్టే బుద్ధి ఒక్క చట్టంతో పోదు. మన దేశంలో 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అయినా పెండ్లి మాటలలో అబ్బాయి చదువుకు ఇంత, ఉద్యోగానికి ఇంత అని లెక్క కట్టే ఇళ్లు మన విచారణలలో లేవా? ఇంటి ఆడపడుచు కుట్టే కుట్టుకు, వండే వంటకు డబ్బు రాదు గనుక అది పనే కాదు అనుకొనే మాట మనం వినలేదా?

కుటుంబంలో మాట్లాడుకోవడానికి

ఈ వారం రాత్రి భోజనాల తరువాత, పిల్లలు కూడా కూర్చుని ఉండగా, ఈ ప్రశ్నలను ఆలోచించండి.

1. పావు డాలరుతో పడవ ఎక్కి పారిపోయి ఉంటే ఎలిజబెత్‌ను తప్పు పట్టగలమా? ఆమె ఎందుకు ఎక్కలేదు? మీలో ఒకరు అవునని, ఒకరు కాదని వాదించి చూడండి.

2. మన ఇంట్లో ఎవరి పనికి డబ్బు రాదు? ఆ పని ఒక వారం ఆగిపోతే ఇల్లు ఎలా నడుస్తుంది?

3. మన బట్టలు కుట్టే ఆమె పేరు, ఆమె పిల్లల పేర్లు మనకు తెలుసా? కుట్టుకూలి ఇచ్చేటప్పుడు ఎందుకు బేరమాడతాం? కొట్టులో అచ్చువేసిన ధరకు ఎందుకు ఆడము?

4. మీ ఇంట్లో ఎవరికైనా చేతి విద్య ఉన్నదా? ఆ విద్యను వారు ఎవరికి నేర్పారు? ఇంతవరకు ఎవరికీ నేర్పకపోతే ఈ సెలవులలో పొరుగింటి ఒక్క బిడ్డకైనా నేర్పడం మొదలుపెట్టగలరా? ఎలిజబెత్ 74 ఏళ్ల వయస్సులో తరగతి గదిలో అడుగు పెట్టిందని వారికి చెప్పండి.